గల్లాపెట్టె పద్దు

ఒరియోల్ థియేటర్ గుమ్మంలో
గాజు డబ్బా. అందులో నేను.
లేస్తే తల తగులుతుంది, చాపితే మోచెయ్యి.
అరచెయ్యి పట్టేంత కంత,
లోపలికి చిల్లర, బయటికి టికెట్టు,
రెంటితో పాటు చలి.

పందొమ్మిది వందల నలభై ఆరు.
పెద్దలకి ముప్పై అయిదు సెంట్లు, పిల్లలకి పన్నెండు.
యుద్ధం ముగిసి మగాళ్ళు తిరిగొచ్చారు.
కొందరు రెండు చేతులూ తెచ్చుకున్నారు.

డిసెంబరు ఆఖర్న న్యూయార్క్ నుంచి పత్రిక వచ్చింది,
ఆ ఏడు దేశాన్ని ఊపేసిన సినిమాలు వరసగా,
ఒక్కోదాని పక్కన ఎన్ని మిలియన్లో.
మేనేజరు ప్రోకాప్ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
శుక్రవారం ఉపవాసం ఉన్నవాడిలా చదివాడు.
"మొదటిది మన దగ్గర నాలుగు రోజులే ఆడింది, లుడ్మిలా.
రెండోదానికి ఈగలు తోలుకున్నాం."
రెండోది నాకు గుర్తే.
హుదాక్ ఇరవై నిమిషాల్లో బయటికొచ్చి
డబ్బులు వెనక్కిమ్మన్నాడు.
ఏం, బాలేదా అంటే
"అందులో వాళ్ళు ఎంతసేపూ భోంచేస్తూనే ఉన్నారు" అన్నాడు.

మా ఊరి హిట్టు ఆ జాబితాలో లేదు.

జనవరిలో ఉక్కు మిల్లు సమ్మె.
కొలిమి ఆరింది. ఆకాశం మొదటిసారి నల్లగా కాక
తెల్లగా, ఆకలిగా కనిపించింది.
ఇళ్ళల్లో బొగ్గు నిండుకుంది.
అదే వారం మాకు రీళ్ళ పెట్టెలో వచ్చింది
కాగితపు కొబ్బరిచెట్ల దీవి సినిమా ఒకటి.
హీరోకి గొంతు ఉంది, మెడ లేదు.
సముద్రం గుడ్డ మడత కనిపిస్తూ ఊగేదట.

మొదటి ఆటకే ఇసకేస్తే రాలనంత జనం!

ఒక టికెట్టు కొంటే రాత్రి దాకా కూర్చోవచ్చు,
ఆట మీద ఆట, లేపేవాళ్ళు లేరు.
బార్తోషోవా అల్లిక సూదులతో వచ్చింది,
శనివారానికి స్వెట్టరుకి రెండో చెయ్యి మొదలుపెట్టింది.
బంగాళదుంపలు ఉడకేసి జేబుల్లో తెచ్చారు కొందరు.
అయిదోసారికి మూడో వరసవాళ్ళు
విలన్ కంటే ముందు విలన్ మాట అనేసేవారు.

సినిమా కంపెనీ మనిషి వచ్చాడు తలలు లెక్కపెట్టడానికి,
చేతిలో టిక్కుటిక్కుమనే మిషను.
నమ్మలేదు. లోపలికెళ్ళాడు. కోటు విప్పాడు.
పాట మధ్యలో గుర్రు పెట్టాడు.
"ప్రేక్షకులు దీవి కథలకు విశేషంగా స్పందిస్తున్నారు"
అని రాసి పంపాడట.
జూన్‌లో ఇంకో దీవి పంపారు.
కుర్చీలకి చూపించాం.

అసలు హీరో నేలమాళిగలో ఉన్నాడని
ఏ పత్రికకి తెలుస్తుంది?
ఒబడయా ట్రెంట్, బాయిలర్‌కి బొగ్గు వేసేవాడు.
ఊరంతటినీ వెచ్చగా ఉంచి
తను సినిమా చూడాలంటే మాత్రం
పక్క సందులోంచి బాల్కనీ మెట్లెక్కాలి.
బోర్డు లేదు. ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలుసు.
నాకు కూడా.
రోజూ ఆరింటికి ఇటుక కాల్చి, గోనెలో చుట్టి
నా పాదాల కింద పెట్టి వెళ్ళేవాడు.
"ఎలా ఉంది సినిమా?" అని అడిగేది నేను,
"చప్పుడు బావుంది" అనేవాడు అతను.

సమ్మె ముగిసిన రాత్రి
తొమ్మిదింటికి కంత మూసి
నా ముప్పై అయిదు సెంట్లు గల్లాపెట్టెలో వేసి
నాకు నేనే టికెట్టు చింపుకుని లోపలికెళ్ళాను.
తెర వైపు చూసేవాళ్ళు లేరు.
ఆరువందల మొహాలు బూడిద వెలుగులో
నోళ్ళు తెరుచుకుని నిద్ర.
మెడలేనివాడు వాళ్ళ కోసమే అన్నట్టు
గొంతు తగ్గించి పాడుతున్నాడు.
నేను తెరకి వీపు ఆనించి నిలబడ్డాను,
వాళ్ళని చూస్తూ, ఆట అయ్యేదాకా.

ప్రోకాప్ ఆ జాబితా కత్తిరించి
లాబీలో అతికించాడు.
నా పద్దులో ఫిబ్రవరి దగ్గర ఒక టికెట్టు ఎక్కువ వస్తోందని
ఇప్పటికీ సణుగుతాడు.
సగం ముక్క నా కోటు అస్తరులో ఉంది.
రెండో సగం ఒబడయాకి ఇచ్చాను.
ఏం చేసుకున్నాడో అడగలేదు.